ప్రభుత్వపత్రములు, వాని సంరక్షణము

ప్రతి సంవత్సరము జూన్ మాసమున పాఠశాల తెఱవగానే, క్రొత్త విద్యార్థులతో గూడ నొకరిద్దఱు వృద్ధులును మా కార్యాలయమునకు వచ్చుచుందురు. వారు చదువుటకు వచ్చినవారు గారు. నలువది యేబది సంవత్సరముల క్రిందట తాము చదివిన తరగతియు, తమ పుట్టిన తేదియు ప్రవేశపు రిజిస్టరులో నెట్లు వ్రాయబడియున్నవో చూచుకొని, నకలు వ్రాయించుకొని పోవుటకు వచ్చినవారు. కొన్ని యేండ్ల క్రిందట నట్టి పెద్దమనిషి యొకరు వచ్చిరి. ఆయన మొదట చదివిన పాఠశాల వేఱొకటి. అచ్చటి రిజిస్టరును పూర్వమెవరో వ్రాతపని నిమిత్తమై యింటికి గొనిపోయిరట; అది మరల రాలేదు. కొనిపోయినవారు దొంగలు గారు. పని త్వరగా ముగింపవలెనను నుత్సాహముతోనే కొనిపోయియుందురు. కాని యా పుస్తకము లేకపోవుటచేత నీయన పింఛను నిలిచిపోయెను. అదృష్టవశమున, ఆయన పై తరగతికై మా పాఠశాలకు మాఱినప్పుడు తెచ్చిన బదిలీపత్రము మా పాత కట్టలలో దొరకెను. మా గుమాస్తా దానిని దులిపి చేతికిచ్చినప్పుడు ఆయన కన్నులు చెమ్మగిల్లినవి.

ఒక్క రిజిస్టరు ఇంటికి బోయినందున నొక మనుష్యునికి నింత కష్టము వచ్చినయెడల, ఒక దేశప్రభుత్వముయొక్క పత్రములే యిండ్లకు బోయినయెడల నేమగును? ఇది యూరక వేసిన ప్రశ్న గాదు. అమెరికా సంయుక్తరాష్ట్రములలో నిది పలుమాఱులు జరిగి, న్యాయస్థానములవఱకును బోయినది. ఆ చరిత్రమును మా విద్యార్థులకు పాఠముగా జెప్పదలచితిమి.

1. పత్రమనగా నేమి?

ప్రభుత్వకార్యము జరుగుచుండగా బుట్టిన వ్రాతకు ప్రభుత్వపత్రమని, వాడుకలో రికార్డు అని పేరు. ఉత్తరము, ఉత్తరువు, లెక్క, దేశపటము, ఛాయాచిత్రము, ధ్వనిముద్రణము, నేటి దినములలో కంప్యూటరునందలి లేఖ, ఇవన్నియు నీ కోవలోనివే. చరిత్రకారుడు గ్రంథము వ్రాయునప్పుడు లోకము తన్ను జదువునని యెఱిగి వ్రాయును. పత్రము వ్రాసిన గుమాస్తాకు సాధారణముగ నట్టి తలంపు లేదు. ఆనాటి పని జరుగుటకే యాతడు వ్రాసెను. అందుచేతనే పత్రమునకు సాక్ష్యబలము హెచ్చు.

అయినను ప్రతి కాగితమును దాచుట యసాధ్యము, అనవసరము. ప్రభుత్వమున బుట్టు పత్రములలో నూటికి ఒకటి మొదలు మూడు మాత్రమే శాశ్వతముగ నుంచదగినవని అమెరికా జాతీయ పత్రభాండాగారమువారు చెప్పుదురు. తక్కినవానిని గడువు తీరినపిదప చట్టప్రకారము తీసివేయుదురు. ఏది యుంచవలెను, ఏది తీసివేయవలెను అని నిర్ణయించునది చట్టము. కాగితము చేతనున్నవాని యిష్టము గాదు. ఈ సంగతిని విద్యార్థులు బాగుగ గుర్తుంచుకొనవలయును. ముందు చెప్పబోవు సంగతులన్నిటికి నిదియే మూలము.

2. దాపఱికము, దాని హద్దులు

కొన్ని పత్రములు వెంటనే బయటబడినయెడల దేశమునకు హాని కలుగును. సైన్యమెచ్చట నున్నదో, పరదేశమున నెవరు రహస్యముగ వార్తలు దెలుపుచున్నారో చెప్పు కాగితము శత్రువు చేతబడిన ప్రాణములు పోవును. కావున అమెరికాలో నిట్టి పత్రములను మూడు తరగతులుగా విభజించిరి. బయటబడిన హాని కలిగించునది గోప్యము. తీవ్రమైన హాని కలిగించునది రహస్యము. మిక్కిలి ఘోరమైన హాని కలిగించునది అతిరహస్యము. ఇట్టి పత్రమును చూచు నుద్యోగికి రెండు యోగ్యతలు కావలయును. మొదటిది, ప్రభుత్వము విచారించి నమ్మదగినవాడని యిచ్చిన యనుమతి. రెండవది, ఆ పత్రముతో నాతనికి నిజముగ బని యుండుట. పెద్ద యుద్యోగమున నున్నంతమాత్రమున ప్రతి రహస్యమును చూచు హక్కు లేదు. పని ముగిసినపిదప పత్రము తాళము గల యినుపపెట్టెలోనికి మరల బోవలయును.

దాపఱికమునకును హద్దు కలదు. 2009వ సంవత్సరమున అధ్యక్షుడు బరాక్ ఒబామా యిచ్చిన యుత్తరువు ప్రకారము, తప్పును గాని చట్టవిరుద్ధమైన పనిని గాని కప్పిపుచ్చుటకును, అధికారులకు సిగ్గు కలుగకుండ జేయుటకును పత్రమును రహస్యమని చెప్పరాదు. మఱియు శాశ్వతముగ నుంచదగిన పత్రములు, కొన్ని మినహాయింపులు దప్ప, 25 సంవత్సరములు నిండినపిదప రహస్యములుగా నుండవు. కాబట్టి గడువువఱకు మూసియుంచుటయు, గడువు వచ్చినప్పుడు తెఱచుటయు, ఈ రెండును గలిసిననే సంరక్షణ మగును. మూయుట యెఱుగని ప్రభుత్వము దేశమును ముంచును. తెఱచుట యెఱుగని ప్రభుత్వము ప్రజలను ముంచును.

3. నిప్పు నేర్పిన పాఠము

అమెరికావారు స్వాతంత్ర్యమును బ్రకటించుకొన్నది 1776లో. వారికి జాతీయ పత్రభాండాగార మేర్పడినది 1934లో. నడుమ నూటయేబది యేండ్లకు బైగా ఆయా శాఖలవారు తమ కాగితములను నేలమాళిగలలోను, అటకలమీదను, దొరకిన చోట నెల్ల నుంచుకొనుచుండిరి. 1921 జనవరి 10వ తేదిని వాషింగ్టను నగరమున వాణిజ్యశాఖవారి భవనపు నేలమాళిగలో నిప్పంటుకొనెను. 1890వ సంవత్సరపు జనాభాలెక్కల కాగితము లందుండెను. ఆ లెక్కలలో జేరినవారు సుమారు 6 కోట్ల 29 లక్షలమంది. కొన్ని కాలిపోయెను, కొన్ని మంటలార్పిన నీటిలో దడిసెను, మిగిలినవియు బాగుచేయబడక కొన్ని సంవత్సరముల పిమ్మట ప్రభుత్వపు టనుమతితోనే నాశనము చేయబడెను. నేడు మిగిలియున్నవి యించుమించు 6,000 మంది పేళ్లు మాత్రమే.

ఇట్టి నష్టములు కన్నులు దెఱపించినపిదప, 1934 జూన్ 19వ తేదిని అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్వెల్టు జాతీయ పత్రభాండాగారపు చట్టముపై సంతకము చేసెను. జాన్ రస్సెల్ పోప్ రూపకల్పన చేసిన యా భాండాగారపు భవనము వాషింగ్టనులో గలదు. స్వాతంత్ర్యప్రకటనపు మూలప్రతియు, రాజ్యాంగపు మూలప్రతియు 1952లో నచ్చటికి జేరినవి. అచ్చటి చదువుగదిలోనికి సిరాకలము కొనిపోరాదు. పెన్సిలు మాత్రమే కొనిపోవచ్చును. ఒక్క సిరాచుక్కయైనను మూలపత్రముపై బడకుండుటకే యీ నియమము.

అయినను నిప్పు మరల వచ్చెను. 1973 జూలై 12వ తేదిని సెయింట్ లూయిస్ నగరమున సైనికుల యుద్యోగపత్రము లుంచిన భవనపు టాఱవ యంతస్తున నంటుకొని, పూర్తిగ నారుటకు నాలుగు దినములకు బైగా పట్టెను. ఒక కోటి అఱువది లక్షలు మొదలు ఒక కోటి యెనుబది లక్షల వఱకు పత్రములు నష్టమయ్యెను. 1912 నుండి 1960 వఱకు కొలువు వదలిన పదాతిసైన్యపువారి పత్రములలో నూటికి 80 వంతులు పోయెను. వానికి నకళ్లు లేవు, సూక్ష్మచిత్రములు తీయబడలేదు, మంటలార్పుటకై పైనుండి నీరు చిమ్ము యంత్రములును కాలిన యంతస్తున లేవు. రెండు మహాయుద్ధములలో బోరాడి వచ్చినవాడు పింఛనునకు గాని, వైద్యమునకు గాని దరఖాస్తు పెట్టుకొన్నప్పుడు, తాను కొలువు చేసినట్లు తన కాగితము సాక్ష్యము చెప్పలేకపోయెను. ఉద్యోగులు సుమారు 65 లక్షల పత్రములను మాడినవానిని, తడిసినవానిని వెలికి దీసి యారబెట్టిరి. పోయినవానికి బదులు జీతపుచిట్టాలు మొదలగు వేఱు సాక్ష్యములను వెదకి కూర్చుచు వచ్చిరి. మా పాఠశాలకు వచ్చిన పెద్దమనిషి కష్టమే యచ్చట లక్షలమందికి వచ్చెను. పత్రముల సంరక్షణము రాజులకును మంత్రులకును మాత్రమే సంబంధించినదని తలంచువారు దీనిని గమనింపవలయును.

4. అధ్యక్షుని కాగితము లెవరివి?

నిప్పును చట్టముచేత నాపజాలము; జాగ్రత్తచేత నాపవచ్చును. కాని కాగితమును నాదియని యెంచు మనుష్యబుద్ధిని జాగ్రత్తచేత మాత్ర మాపజాలము. దానికి చట్టమే కావలసివచ్చెను.

జార్జి వాషింగ్టను 1797లో పదవి విడిచి పోవునప్పుడు తన కాగితములను మౌంట్ వెర్నను నందలి తన యింటికి గొనిపోయెను. నాటనుండి అధ్యక్షుని కాగితము లాతని సొంత సొత్తని యాచారమయ్యెను. దానిచే నవి వారసుల యిష్టమునకు లోబడెను. అబ్రహాము లింకను కాగితములను కుమారుడు రాబర్టు 1919లో కాంగ్రెసు గ్రంథాలయమున కిచ్చెను. కాని తాను మరణించిన 21 సంవత్సరములవఱకు నెవరును చూడరాదని నిబంధన పెట్టెను. ఆయన 1926లో మరణించెను. 1947 జూలైలో, అనగా లింకను చనిపోయిన 82 సంవత్సరములకు, ఆ కాగితములు ప్రజలకు దెఱవబడెను. పిదప ఫ్రాంక్లిన్ రూజ్వెల్టు తన కాగితములను దేశమునకే యిచ్చి, 1941లో తెఱవబడిన గ్రంథాలయమున వాని నుంచెను. ఇది మంచి మార్గము. అయినను దానముగానే యుండెను, విధిగా నుండలేదు.

విధిగా జేసినది రిచర్డు నిక్సను నుదంతము. ఆయన తన కార్యాలయమున జరుగు సంభాషణలను రహస్యముగ ధ్వనిముద్రణము చేయించుచుండెను. వాటర్గేటు వ్యవహారము విచారణకు వచ్చినప్పుడు, 1972 జూన్ 20వ తేది ముద్రణమునందు పదునెనిమిదిన్నర నిమిషములు మాట వినబడక చెఱిగిపోయినట్లు తేలెను. 1974 ఆగస్టు 9వ తేదిని నిక్సను పదవి విడిచెను. తరువాతి నెలలోనే, ఆ ముద్రణములు తుదకు నాశనము చేయబడుటకు వీలిచ్చు నొడంబడిక యొకటి యాయనకును ఒక ప్రభుత్వాధికారికిని నడుమ జరిగెను. ఇది తెలిసి శాసనసభవారు 1974 డిసెంబరులోనే ప్రత్యేకచట్టము చేసి, కాగితములను, ముద్రణములను ప్రభుత్వపు స్వాధీనమున నుంచిరి. 1977లో సుప్రీముకోర్టు ఆ చట్టమును నిలిపెను. 1978లో అధ్యక్షపత్రముల చట్టము వచ్చెను. దాని ప్రకారము 1981 జనవరి 20వ తేదినుండి పదవికి వచ్చు నధ్యక్షుల యధికారపత్రములు దేశమునకు జెందును. పదవి ముగిసిన నిమిషముననే యవి పత్రభాండాగారాధికారి వశము కావలయును. దాదాపు రెండువందల యేండ్ల యాచార మొక్క చట్టముతో దలక్రిందయ్యెను.

5. పత్రములు దారితప్పిన సందర్భములు

చట్టము వచ్చినంతనే మనుష్యుల యలవాటు మాఱదు. సాండీ బర్గరను నాతడు అధ్యక్షుడు బిల్ క్లింటను కాలమున దేశరక్షణవిషయములలో సలహాదారు. 2001 సెప్టెంబరు 11వ తేది దాడులను విచారించు సంఘమునకు సంగతులు చెప్పుటకై, 2003లో నాతడు జాతీయ పత్రభాండాగారమున పాత పత్రములను జదువుచుండెను. చదువుటకు అనుమతి గలదు, కొనిపోవుటకు లేదు. అట్లుండియు నొక రహస్యనివేదికయొక్క ఐదు ప్రతులను దాచి బయటికి గొనిపోయెను. ఉద్యోగులకు ననుమానము తోచి, మరల వచ్చినప్పుడు పత్రముల వెనుక పెన్సిలుతో సన్నగ నంకెలు వేసి యిచ్చిరి. తిరిగి తీసికొన్నప్పుడు లెక్క సరిపోలేదు. ఆతడు రెండు ప్రతులను మరల నిచ్చెను; మూడింటిని కత్తెరతో గత్తిరించితి నని యొప్పుకొనెను. 2005లో నేరము నంగీకరింపగా, 50,000 డాలర్ల జరిమానాయు, 100 గంటల సమాజసేవయు, రెండు సంవత్సరముల పర్యవేక్షణమును విధించిరి. మూడు సంవత్సరములు రహస్యపత్రములు చూచు నర్హతను దీసివేసిరి. పేరుగల మనుష్యుని పట్టియిచ్చినది పోలీసుబలము గాదు. పెన్సిలుతో వేసిన యంకె. జాబితాయొక్క మహిమ యిట్టిది.

అటుపిమ్మట 2021లో డోనాల్డు ట్రంపు మొదటిపర్యాయపు పదవి ముగిసెను. ఉత్తరకొరియా నాయకుడు కిం జాంగ్ ఉన్ వ్రాసిన లేఖలు మొదలగునవి లెక్కకు రాలేదని భాండాగారమువారు కనుగొని యడిగిరి. పలుమాఱు లడిగినపిదప, 2022 జనవరిలో ఫ్లారిడాలోని మార్-ఎ-లాగో నుండి 15 పెట్టెలు వచ్చినవి; వానిలో రహస్యముద్రలు గల పత్రములును గలవు. మరల న్యాయస్థానపుటాజ్ఞ పంపగా జూన్ మాసమున 38 వచ్చినవి. ఆగస్టు 8వ తేదిని సోదా చేయగా ఇంకను నూఱింటికి మించి దొరకినవి. 2023 జూన్ మాసమున నేరారోపణము జరిగెను. ట్రంపు తాను నిర్దోషినని చెప్పెను. 2024 జూలైలో, ప్రత్యేక న్యాయవాది నియామకము చెల్లదని న్యాయాధిపతి యభియోగమును గొట్టివేసెను. ఆ యేట నవంబరులో ట్రంపు మరల ఎన్నికైనందున, పదవిలోనుండు నధ్యక్షునిపై నేరవిచారణ జరుపరాదను నియమము ననుసరించి, ఆయనపై నప్పీలును ప్రభుత్వన్యాయవాదులు విరమించుకొనిరి. కాబట్టి యా కాగితములవిషయమున నేరమున్నదనియు లేదనియు న్యాయసంఘము తీర్పు చెప్పలేదు.

ఈలోపుగ 2022 నవంబరులో జో బైడను ఉపాధ్యక్షుడుగా నున్ననాటి రహస్యపత్రములు ఆయన పూర్వపు కార్యాలయమున, పిదప డెలవేరులోని యాయన యింటి కారుషెడ్డులో దొరకినవి. ఆయన న్యాయవాదులే వానిని గనుగొని తెలియజేసిరి. 2024 ఫిబ్రవరిలో ప్రత్యేక న్యాయవాది నివేదిక వెలువడెను. బైడను పదవి విడిచినపిదప తెలిసియే కొన్ని పత్రములను తనయొద్ద నుంచుకొనెనని యందు చెప్పబడియున్నను, నిస్సందేహముగ నేరమును ఋజువు చేయుటకు సాక్ష్యము చాలదని నేరారోపణము చేయలేదు. 2023 జనవరిలో మైకు పెన్సు ఇండియానాలోని యింటనుండి సుమారు పండ్రెండు పత్రములు దొరకెను; ఆయన న్యాయవాది తానే తెలుపగా, విచారించి విడిచిపెట్టిరి.

ఏ పక్షమువారు మంచివారు, ఏ పక్షమువారు చెడ్డవారు అని తేల్చుట మా పాఠము గాదు. రెండు పక్షములవారి యిండ్లలోను పత్రములు దొరకినవి. కాబట్టి యిది పక్షదోషము గాక మనుష్యదోషము. అయినను భేదమును చూడక పోరాదు. పొరపాటున వచ్చినది యొకటి. తెలిసి యుంచుకొన్నది మఱియొకటి. అడిగినను ఇయ్యక నిలుపుట యింకొకటి. పొరపాటు చేసినవాడు తానే వచ్చి తెలిపి, పత్రమును తిరిగి యిచ్చిన యెడల దోషమంతయు దొలగకపోయినను, హాని పెరుగకుండ నాగును. దాచినకొలది చిన్న పొరపాటు పెద్ద తప్పగును.

6. మన దేశమున

మన తెలుగునాట గ్రామలెక్కలకు కవిలెలని పేరుండెను. కరణము వానిని కట్టలుగట్టి తన యింటనే యుంచుకొనుచుండెను. ఉద్యోగము తండ్రినుండి కుమారునికి వచ్చినట్లే కవిలెకట్టయు వచ్చుచుండెను. దీనివలన మేలును గలిగినది. కాలిన్ మెకంజీ దొరయొద్ద పనిచేసిన కావలి వెంకటబొఱ్ఱయ్యయు, ఆయన సోదరులును గ్రామగ్రామమున దిరిగి సంపాదించిన కైఫీయతులలో ననేకము లిట్టి కరణాల కవిలెలనుండి పుట్టినవే. వానిని పిమ్మట సి. పి. బ్రౌను దొర నకళ్లు వ్రాయించెను. కాని ఊరి లెక్క యొక యింటి సొత్తువలె నుండుట యెంత ప్రమాదము! ఇల్లు కాలిన లెక్కయు గాలును. కరణమునకు గోపము వచ్చిన రైతునకు నకలు దొరకదు. 1984లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము వంశపారంపర్యపు గ్రామోద్యోగములను రద్దుచేయగా, లెక్కలు ప్రభుత్వమున కప్పగింపవలసివచ్చెను. అమెరికాలో 1978లో అధ్యక్షునికి జెప్పిన మాటయే మన గ్రామములలో 1984లో కరణమునకు జెప్పబడెను.

మన జాతీయ పత్రభాండాగారము 1891 మార్చి 11వ తేదిని కలకత్తాలో స్థాపింపబడి, 1926లో క్రొత్తఢిల్లీలోని నేటి భవనమునకు వచ్చినది. మొగలుల కాలపు పారసీక దస్తావేజులు హైదరాబాదు తార్నాకలోని రాష్ట్ర పత్రభాండాగారమున గలవు. 1923వ సంవత్సరపు ప్రభుత్వరహస్యముల చట్టము మూయుటకును, 2005వ సంవత్సరపు సమాచారహక్కు చట్టము తెఱచుటకును ఏర్పడినవి. ఈ రెంటి నడుమ 1993వ సంవత్సరపు ప్రభుత్వపత్రముల చట్టము గలదు. దాని ప్రకారము, కేంద్రప్రభుత్వపు టనుమతి లేక పత్రమును దేశము వెలుపలికి గొనిపోయిననను, నిబంధన లతిక్రమించి నాశనము చేసినను, ఐదు సంవత్సరములవఱకు ఖైదు గాని, 10,000 రూపాయలవఱకు జరిమానా గాని, రెండును గాని విధింపవచ్చును.

7. ముగింపు

విద్యార్థులారా, మీలో గొందఱు రేపు గుమాస్తాలు, ఉపాధ్యాయులు, అధికారులు కాగలరు. ఆనాడు మీ బల్లమీదికి వచ్చు కాగితము మీది గాదు. కొంతకాలము మీ చేతికి వచ్చిన ప్రజల సొత్తు. దానిని జాబితాలో వ్రాయుడు. ఎవరికైన నిచ్చినయెడల సంతకము పుచ్చుకొనుడు. ఇంటికి గొనిపోకుడు. పొరపాటున కొనిపోయినయెడల మఱునాటి యుదయముననే తెచ్చి, తెచ్చితినని చెప్పుడు. మా కార్యాలయమున బదిలీపత్రము దొరకిన పెద్దమనిషి, దానిని నలువది యేండ్లు కట్టలో నుంచిన గుమాస్తా పేరును మమ్మడిగిరి. ఆయన యెవరో మేము చెప్పలేకపోతిమి. కాని యాయన తన పని చేసి పోయెను, అది చాలినది.

ఆలోచింపదగిన ప్రశ్నలు

1. చరిత్రగ్రంథమునకంటె ప్రభుత్వపత్రమునకు సాక్ష్యబల మెందుకు హెచ్చు?
2. 1978వ సంవత్సరపు చట్టము అమెరికాలో నే యాచారమును మార్చెను? దానికి గారణమైన సంగతు లేవి?
3. బర్గరు పట్టుబడుటకు దోడ్పడిన చిన్న పని యేది? మన తరగతి గ్రంథాలయమున దాని నెట్లు వాడవచ్చును?
4. మీ యింట నుండు పాత కాగితములలో మీ తాతగారి కాలపుది యొకటి వెదకి, అది యెవరు, ఎందుకు వ్రాసినదో పెద్దల నడిగి పది పంక్తులలో వ్రాయుడు.